చెయ్యి తీయకండి

కత్తిపీట జారి వేలు తెగితే ఇల్లంతా హడావిడే. ఒకరు పసుపు కోసం పరిగెడతారు, ఒకరు కాఫీపొడి తెస్తారు, ఇంకొకరు రక్తం చూడలేక మొహం తిప్పుకుంటారు. శుభ్రమైన నూలుగుడ్డ మడిచి, గాయం మీద పెట్టి, అదిమిపట్టి కూర్చునే మనిషి ఒక్కరుంటే చాలు. ఆ ఒక్కరూ మీరే అవ్వండి. రక్తం చూస్తే గుండె దడదడలాడటం అందరికీ ఉన్నదే. చేతికి పని తెలిస్తే ఆ దడ తగ్గుతుంది.

అదిమిపట్టడంలో కష్టమంతా ఓపికతోనే. రక్తం ఆగిందో లేదోనని నిమిషానికోసారి గుడ్డ ఎత్తి చూస్తాం. పని చెడేది అక్కడే. తెగిన చోట రక్తఫలకికలు (ప్లేట్‌లెట్లు) చేరి, వాటి చుట్టూ సన్నని పోగులు అల్లుకుని గడ్డ కడుతుంది. గుడ్డ ఎత్తగానే ఆ లేత గడ్డ ఊడొస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది. గడియారం చూసుకుని పది నిమిషాలు చెయ్యి తీయకండి. గుడ్డ తడిస్తే దాని మీదే ఇంకోటి వేసి మరింత గట్టిగా నొక్కండి. తెగిన చేతిని గుండె కన్నా ఎత్తులో ఉంచండి. అప్పటికీ ఆగకపోతే, లేదా రక్తం చిమ్ముతుంటే, 108కి ఫోన్ చేయించండి. మీరు మాత్రం నొక్కుతూనే ఉండాలి. గాజుముక్కో ఇనుపచువ్వో లోతుగా దిగి ఉంటే లాగొద్దు, దాని రెండు పక్కలా నొక్కండి.

చిన్న గాయమైతే రక్తం ఆగాక కుళాయి నీటి కింద కడిగి, చుట్టూ సబ్బు రాయండి. అమ్మమ్మ మీద గౌరవం అలాగే ఉంచుకుని, పసుపును పోపులడబ్బాలోనే ఉంచండి. పసుపైనా కాఫీపొడైనా సున్నమైనా గాయం లోతును కప్పేస్తుంది, మురికిని లోపలికి తీసుకెళ్తుంది. ఆస్పత్రిలో దాన్నంతా కడిగి తీసేటప్పుడు నరకం కనిపిస్తుంది.

ఇక కట్టు. దూది నేరుగా పెడితే పీచు పుండుకు అంటుకుంటుంది. ముందు గాజుగుడ్డ మడత, దాని మీద రోల్ బ్యాండేజి. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు తీసేయండి. కింది నుంచి పైకి చుట్టండి, వేళ్ల కొసలు బయట ఉండాలి. కట్టాక గోరు నొక్కి వదలండి. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్లీ గులాబీరంగుకు రాకపోతే కట్టు బిగిసిందన్నమాట, వెంటనే వదులు చేయండి. వేళ్లు చల్లబడినా, నీలం తిరిగినా, తిమ్మిరెక్కినా అంతే. చాలామంది కట్టేసి మర్చిపోతారు. వాపు తర్వాత పెరుగుతుంది కాబట్టి పది నిమిషాలకోసారి చూస్తుండాలి.

కుక్కకాటుకు మాత్రం కట్టు వద్దు. పారే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదేరోజు రేబిస్ టీకాకు వెళ్లండి.

రోడ్డు మీద ప్రమాదం చూసి, కేసుల్లో ఇరుక్కుంటామని తప్పుకుపోయేవాళ్లున్నారు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 134ఎ సెక్షన్ చేరింది. మంచి మనసుతో సాయం చేసే క్రమంలో పొరపాటు జరిగినా, సాయం చేసినవారిపై సివిల్, క్రిమినల్ చర్యలుండవు. ధైర్యంగా ఆగండి. బండి డిక్కీలో రెండు రోల్ బ్యాండేజీలు, గాజుగుడ్డ, చేతి గ్లవ్స్ పెట్టుకోండి. ఈ ఆదివారమే పిల్లల్ని కూర్చోబెట్టి ఒకరి చేతికి ఒకరితో కట్టు కట్టించండి, గోరు పరీక్ష కూడా చేయించండి.

అన్నట్టు, ఇంట్లో ఎవరు చివరిసారి టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో రాసిపెట్టుకోండి. మట్టి అంటిన గాయానికి ఆస్పత్రిలో మొదట అడిగేవాటిలో అదొకటి.