దసరా దావత్‌లో ‘ఒక్క పెగ్గే’ అంటే?

ప్రశ్న: మా ఆయన సాంచాలు నడుపుతాడు. మందు మానేసి నాలుగు నెలలైంది. దసరాకు చుట్టాలొస్తే మళ్లీ మొదలుపెడతాడని భయం.
– ఓ సోదరి, ముస్తాబాద్

జవాబు: మీ భయం సబబే అమ్మా. మానేసినా మెదడు పాత అలవాటును అంత తొందరగా మరవదు. యాటకూర వాసన, గ్లాసుల చప్పుడు చాలు, కోరిక లేస్తుంది. మామూలుగా అరగంటలో అదే తగ్గుతుంది. ఆ కాసేపు పిల్లల్ని తోడిచ్చి జమ్మిచెట్టు దగ్గరికి పంపండి. ఆకలితో ఉంచొద్దు. ‘మా ఇంట్ల సీసా వద్దు’ అని చుట్టాలకు ముందే ఫోన్ చేయండి. కల్లు కూడా మందే సుమా! నోరు వాసన చూడకండి. ఆ అవమానమే కొందరిని దుకాణం దాకా నడిపిస్తుంది.

ఒకవేళ తాగినా కొట్లాట వద్దు, మర్నాడే డాక్టరును కలవండి. మళ్లీ రోజూ తాగి ఒక్కసారిగా ఆపినప్పుడు ఫిట్స్ వచ్చినా, లేనివి కనిపిస్తున్నాయన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. సలహాకు టెలిమానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయండి. రాత్రీపగలూ పలుకుతారు, ఉచితం.