సామర్లకోట తోట నేర్పిన పాఠము

మన రైతులకు చెట్టు పేరు తెలియుట వేరు, ఆ పేరు ఏ చెట్టుకు చెందునో నిర్ధారణ చేసికొనుట వేరు. ఈ భేదమును గుర్తింపనిచో నష్టము కలుగును.

1781లో విలియం రాక్స్‌బరో అను స్కాట్లండు వైద్యుడు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా సామర్లకోటకు వచ్చెను. అచ్చట తోట వేసి మిరియము, నీలి, కాఫీ మొదలగు మొక్కలను పరిశీలించెను. ఉత్తర సర్కారులను 1790–92 ప్రాంతమున పీడించిన కరువును కన్నులార చూచి, వానలు తప్పినను ఆహారమిచ్చు కొబ్బరి, పనస వంటి చెట్లను విరివిగా నాటవలెనని ప్రభుత్వమునకు సలహా యిచ్చెను. 1793లో కలకత్తా వృక్షోద్యానమునకు అధిపతియై వెళ్లెను.

కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన ఆయన గ్రంథము 1795 మొదలు 1820 వరకు 3 సంపుటములుగా, 300 చిత్రములతో వెలువడెను. చిత్రములు వ్రాసినవారు భారతీయ చిత్రకారులు. అందు పెక్కు మొక్కలకు తెలుగు పేర్లును చేర్చబడినవి. జ్వరములకు బెరడు వాడు సోమి చెట్టునే చూడుడు. తెలుగువారు చెప్పిన 'సోమిద' అను పేరే 'సోయ్మిడా ఫెబ్రిఫ్యూగా' అను శాస్త్రనామములో నేటికిని నిలిచియున్నది. పల్లెవాని తెలివి లేనిదే పండితుని పుస్తకము లేదు.

అయినను వాడుక పేరొక్కటే చాలదు. 'మద్ది' అనగా ఏ మద్ది? తెల్లమద్ది వాగుల ఒడ్డున, తేమగల నేలలో పెరుగును. దాని బెరడు నునుపుగా, బూడిదవన్నెతో పొరలుగా ఊడును. నల్లమద్ది బెరడు నల్లగా, మొసలి చర్మమువలె లోతుగా పగిలియుండును. అది అడవి నేలల చెట్టు. ఔషధముగా ప్రసిద్ధి చెందినది తెల్లమద్ది బెరడు. పేరు నమ్మి నారు కొని, ఒకదానికి బదులు మరొకటి నాటినచో, తప్పు బయటపడుసరికి ఏండ్లు గడచును.

కావున సందేహము కలిగినప్పుడు ఇట్లు చేయుడు:

1. ఆకులు, పూలు, వీలైన కాయలుగల చిన్న రెమ్మను కోయుడు.

2. పాత వార్తాపత్రికల నడుమ పరచి, పైన బరువుంచుడు. తడిసిన కాగితములను ప్రతిదినము మార్చుడు.

3. ఊరు, తేది, నేల స్వభావము, చెట్టు ఎత్తు, బెరడు రంగు, మీ ఊరివారు పిలుచు పేరు ఒక చీటిపై వ్రాసి జతచేయుడు.

4. దగ్గరనున్న వ్యవసాయ కళాశాలకుగాని, కృషి విజ్ఞాన కేంద్రమునకుగాని చూపుడు.

పేరు నిర్ధారణయైన తరువాతనే నారు కొనుడు. ఊరి పెద్దలు చెప్పు పేర్లనుమాత్రము విడువక వ్రాసి యుంచుడు. ఆ పెద్దలతోపాటు ఆ పేర్లును పోయినచో వాటిని తిరిగి తెచ్చు తోట ఏదియు లేదు.