రేడియో అయోడిన్ చికిత్స

ఇటీవల మేమొక గ్రామమునకు పోయినప్పుడు, కంఠమున క్యాన్సరుకు చికిత్స పొంది వచ్చిన ఒక ఇల్లాలి ముచ్చట మా చెవిని బడినది. ఆసుపత్రిలో ఆమెకు రేడియో ధార్మిక అయోడిన్ ఇచ్చిరట. ఆ మాట వినినంతనే ఇరుగుపొరుగువారు బెదరి, రెండు మాసములు గడచినను ఆమెను వీధికొళాయి చెంతకు రానీయలేదు. ఇంటిలోనివారు మాత్రము, పాపము, ఆమె తిరిగివచ్చిన సంతోషములో మొదటి రాత్రియే తోడికోడలి పసిబిడ్డను ఆమె ప్రక్కలో పరుండబెట్టిరి. రెండును పొరపాట్లే. ఇట్టి సమయమున పంచాయతీ సభ్యుడు నాలుగు మాటలు చెప్పవలెనన్న, ఆ చికిత్స ఎట్టిదో ఆయనకు తెలిసియుండవలెను.

కంఠము ముందువైపున థైరాయిడ్ అను చిన్న గ్రంథి గలదు. తన స్రావమును తయారుచేసికొనుటకు అది రక్తములోని అయోడిన్‌ను ఏరి తనలోనికి లాగుకొనును. ఉప్పులో అయోడిన్ కలుపుటయు ఇందుకొరకే. 1938లో అమెరికాలో లివింగుడ్, సీబోర్గ్ అను శాస్త్రజ్ఞులు అయోడిన్-131 అను రేడియో ధార్మిక రూపమును కనుగొనిరి. మామూలు అయోడిన్‌కును దీనికిని గల భేదమును గ్రంథి ఎరుగదు. రెండింటిని ఒకే తీరున లాగుకొనును. అట్లు చేరిన మందునుండి వెలువడు గామా కిరణములు శరీరమును దాటి వచ్చును. ప్రత్యేకమైన కెమెరా వానిని పట్టి, మందు ఎచ్చట చేరినదో చిత్రముగా చూపును. బీటా కిరణములు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి పోజాలక, చేరినచోటనే జీవకణములను నాశనము చేయును. చూపునదియు, చంపునదియు ఒక్కటే మందు!

1946లో న్యూయార్క్ వైద్యుడు సైడ్లిన్, ఆయన సహచరులు ప్రకటించిన ఉదంతము ఆశ్చర్యకరమైనది. ఒక రోగికి థైరాయిడ్‌ను ఏనాడో తీసివేసిరి. అయినను ఆ గ్రంథి అతిగా పనిచేయు లక్షణములే అతనిలో కనబడుచుండెను. శరీరమున వేరుతావులకు ప్రాకిన క్యాన్సరు గడ్డలే ఆ స్రావమును తయారుచేయుచుండెను. రేడియో అయోడిన్ ఇచ్చి పరికరముతో వెదకగా గడ్డలున్న చోట్లు తెలిసినవి; ఆ మందుతోనే వానికి చికిత్సయు జరిగినది.

అన్ని క్యాన్సరులకు ఇది పనికిరాదు. అయోడిన్‌ను లాగుకొనని గడ్డకు దీనివలన ప్రయోజనము లేదు. థైరాయిడ్ క్యాన్సరుకైనను మొదట శస్త్రచికిత్స, పిమ్మట అవసరమైనవారికే ఇది. గర్భిణులకు ఎంతమాత్రము ఈయరాదు. పాలిచ్చు తల్లి ముందుగానే బిడ్డకు పాలు మాన్పవలెను. మన దేశమున ఈ అయోడిన్ ట్రాంబేలోని అణు రియాక్టరులో తయారగుచున్నది. హైదరాబాదులోని నిమ్స్‌లోను, తిరుపతిలోని స్విమ్స్‌లోను న్యూక్లియర్ మెడిసిన్ విభాగములు గలవు.

ఇక ఇంటికి వచ్చిన రోగి సంగతి. ఇది అంటువ్యాధి కాదు. ఈ అయోడిన్ శక్తి ప్రతి 8 దినములకు సగమగును. అంతకుముందే చాలభాగము మూత్రమున పోవును. అందుచేత మొదటి కొన్ని దినములు రోగి వేరుగ పరుండవలెను. కంచము, గ్లాసు వేరుగ ఉంచుకొనవలెను. మరుగుదొడ్డినే వాడి, నీరు సమృద్ధిగా పోయవలెను. పసిపిల్లలకును, గర్భిణులకును దూరముగా నుండవలెను. మరుగుదొడ్డి లేని ఇల్లయినచో, రోగి ఆసుపత్రికి పోకముందే పంచాయతీ ఆ ఏర్పాటు చూడవలెను. ఎన్ని దినములను లెక్క ఇచ్చిన మందు మోతాదును బట్టి మారును. ఆసుపత్రివారు దానిని చీటీపై వ్రాసి ఇత్తురు. ఆ చీటీని ఇంటివారికిని, పొరుగువారికిని చదివి వినిపింపుడు. అందలి గడువు తీరిన పిమ్మట ఆమె బిడ్డను ఎత్తుకొనవచ్చును. కొళాయికి పోవుటకును అప్పుడు అడ్డు లేదు.