చెరువును ట్యాంకు అన్నందుకు

ముప్పై ఏళ్లు సాగునీటి ఆఫీసుల్లో గుమాస్తాగా కాగితాలు రాశాను. ఇప్పుడు హన్మకొండలో మనవలకు ఏం చెప్పబోయినా ఒక్క మాట దగ్గరికే వచ్చి ఆగుతున్నాను. ఆ మాట ట్యాంకు.

1. రాసిన కాగితాన్ని వినేవాడి చెవితో చదువుకోండి.

1988 ఎండాకాలంలో ‘వానలకు ముందే ట్యాంకు శుభ్రం చేయించాలి’ అని ఊళ్లకు కాగితం రాశాను. ఇంగ్లీషు దస్త్రాల్లో చెరువును ట్యాంకు అనే రాస్తారు గనుక నా మనసులో ఉన్నది చెరువే. వానలు మొదలయ్యాక ఒక ఊరికి పోతే పంచాయతీ మనిషి ఎదురొచ్చి, “సారూ, ట్యాంకి మంచిగ కడిగినం. బ్లీచింగ్ పౌడర్ గూడ ఏసినం” అన్నాడు. మంచినీళ్ల ట్యాంకి తళతళలాడుతోంది. చెరువు తూము నోట మాత్రం తుంగ, బురద మూరెడు మందాన పేరుకుని ఉన్నాయి. ఆ ఏడు ఆయకట్టు చివరి మడులకు నీళ్లందక నాట్లు ఎండాయి. ఆ తప్పు నాదే.

2. పరాయిదనుకున్న మాటకు మన నేలలోనే వేరు ఉండవచ్చు.

గుజరాతీ, మరాఠీ భాషల్లో నీళ్లు నిలవచేసే తొట్టికి ట్యాంకు లాంటి పేర్లే ఉన్నాయి. పోర్చుగీసు వాళ్లకూ ‘టాంకె’ అనే మాట ఉంది. పారే నీటిని ఆపడం దాని మూలార్థం. పశ్చిమ తీరంలో ఈ రెండూ కలిసి ఇంగ్లీషువాళ్ల నోట ట్యాంకు అయిందని భాషా పండితులు చెబుతారు. అందుకే మన దేశపు ఇంగ్లీషులో దానికి చెరువు అనే అర్థం స్థిరపడింది. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ కట్ట ట్యాంక్‌బండ్ అయిందీ అలాగే.

3. అవసరానికి పెట్టిన పేరు అసలు పేరును మింగేస్తుంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ రహస్యంగా ఇనుప యుద్ధవాహనాలు చేయించింది. గుట్టు బయటపడకుండా అవి నీళ్ల ట్యాంకులని ప్రచారం చేసింది. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులోని సోమ్ యుద్ధరంగంలో అవి తొలిసారి దిగాయి. ముసుగు పేరే వాటికి శాశ్వతమైంది. మన చెరువుకూ అదే ముప్పు. ట్యాంకు అంటే నా మనవడు ముందు డాబా మీది నల్ల డ్రమ్మును చూపిస్తాడు, తరవాత ఫిరంగి బండిని. చెరువు వాడి తలపులోకే రాదు.

4. చెరువు అవయవాల పేర్లు మరచిపోవద్దు.

నీటిని ఆపేది కట్ట, పొలానికి వదిలేది తూము, నిండితే పొర్లించేది మత్తడి, నీళ్లు నిలిచే నేల శిఖం, తడిసే పొలం ఆయకట్టు, తూము తీసి మూసి అందరికీ వంతు చూసేవాడు నీరటి. ఒక చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు పోతాయి. కాకతీయుల నాటి గొలుసుకట్టు నడిచిందే ఆ లెక్క మీద. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు ఈనాటికీ పంటలకు నీళ్లిస్తున్నాయి. ట్యాంకు అనే ఒక్క మాటలో ఈ పేర్లేవీ వినబడవు.

5. మాట మారితే జాగ్రత్త కూడా మారుతుంది.

ట్యాంకి నిండితే మోటారు ఆపుతాం. వానను ఆపే మీట లేదు. 2023 జూలై వానలకు భద్రకాళి చెరువు కట్టకు గండి పడినప్పుడు మా నగరానికి అది మళ్లీ తెలిసొచ్చింది. ప్లాటు కొనేటప్పుడు ‘ఫుల్ ట్యాంక్ లెవల్’ అనే మాట వింటే ఆగండి. చెరువు నిండితే నీళ్లు అంతదాకా నిలుస్తాయని దాని అర్థం. ఎండాకాలంలో పొడిగా ఉందని మోసపోవద్దు. ‘ఇది శిఖం భూమా?’ అని ఊరి పెద్దలను తెలుగులో అడగండి.

6. పని జరగాలంటే ఊరి మాటే రాయండి.

2015లో రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని మిషన్ కాకతీయ మొదలైనప్పుడు ‘మన ఊరు - మన చెరువు’ అని పేరు పెట్టారు. ఆ పేరు చదవగానే నాకు నా పాత కాగితం గుర్తొచ్చింది. 1989లో దాన్ని తిరగరాశాను: ‘ఊర చెరువు తూములో పూడిక తీయాలి.’ పంచాయతీ గద్దె మీద ఎవరో చదువుతుంటే నీరటి మొదటి వాక్యం దాకే విన్నాడు. లేచి పార భుజాన వేసుకుని కట్ట వైపు నడిచాడు.