ఎలక్ట్రిక్ గిటారుకు ఏ తీగలు వేయాలి?



నేను ఈ హాస్టల్లో ఉండి ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో నా రూమ్‌మేట్ ఒక పాత ఎలక్ట్రిక్ గిటారు కొన్నాడు. సెలవుల్లో కూలికి వెళ్లి కూడబెట్టుకున్న డబ్బు అది. తీగలు తెగిపోతే షాపుకు వెళ్లి "గిటారు తీగలు" అని అడిగి, వాళ్లు ఇచ్చినవి తెచ్చి బిగించాడు. వారంలో వేళ్లు పుండ్లు పడ్డాయి. పలుకూ సరిగా రాలేదు. "మనకు రాదులేరా" అంటూ గిటారును ట్రంకు పెట్టెల వెనక పడేశాడు. ఆ తీగలు వేరే రకం గిటారువని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మీలో ఎవరికీ అలా జరగకూడదనే ఈ వ్యాసం రాస్తున్నాను.

నంబరు అంటే ఏమిటి?

షాపులో 9 సెట్, 10 సెట్ అంటారు. ఆ నంబరు ఆరు తీగల్లో అన్నిటికన్నా సన్నని మొదటి తీగ మందం. దాన్ని అంగుళంలో వెయ్యో వంతుల్లో చెబుతారు. 10 అంటే 0.010 అంగుళం, అంటే పావు మిల్లీమీటరు. 9 సెట్‌లో సాధారణంగా 9, 11, 16, 24, 32, 42 మందాల తీగలుంటాయి. 10 సెట్‌లో 10, 13, 17, 26, 36, 46 ఉంటాయి.

మందం పెరిగితే ఏమవుతుంది?

ఫిజిక్స్ ల్యాబ్‌లో సోనోమీటర్ ప్రయోగం గుర్తు తెచ్చుకోండి. తీగ పౌనఃపున్యం దాని పొడవు, తన్యత, రేఖీయ సాంద్రతల మీద ఆధారపడుతుంది. గిటారులో తీగ పొడవు స్థిరం. మొదటి తీగ పలకవలసిన స్వరం కూడా స్థిరమే, సెకనుకు సుమారు 330 కంపనాలు. కాబట్టి తీగ లావైతే దాన్ని ఇంకా గట్టిగా బిగించక తప్పదు.

రేఖీయ సాంద్రత మందం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 10ని 9తో భాగించి వర్గం చేయండి, సుమారు 1.23 వస్తుంది. అంటే నంబరు ఒక్కటి పెరిగితే మొదటి తీగ తన్యత 23 శాతం పెరుగుతుంది. 25.5 అంగుళాల తీగ పొడవున్న గిటారులో 9 తీగ లాగుడు సుమారు 6 కిలోలు, 10 తీగది సుమారు 7.3 కిలోలు. ఆరు తీగలూ కలిపితే 9 సెట్‌కు సుమారు 39, 10 సెట్‌కు సుమారు 47 కిలోలు. మా వాడు బిగించింది అకౌస్టిక్ గిటారు 12 సెట్. దాని లాగుడు 70 కిలోలు దాటుతుంది. వేళ్లు పుండ్లు పడక ఏమవుతాయి?

పలుకు ఎందుకు రాలేదు?

ఎలక్ట్రిక్ గిటారులో తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ రాగి తీగచుట్ట ఉంటాయి. ఉక్కు, నికెల్ తీగలు కదిలితే చుట్టలో విద్యుత్తు పుడుతుంది. మనం చదివిన విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. అకౌస్టిక్ సెట్‌లోని లావు తీగలకు పైన కంచు చుట్టు ఉంటుంది. దానికి అయస్కాంత గుణం లేదు, లోపలి ఉక్కు మాత్రమే పని చేస్తుంది. అందుకే ఆ తీగలు నీరసంగా పలికాయి. నైలాన్ తీగలైతే అసలే పలకవు.

ఎవరికి ఏది?

1. కొత్తగా నేర్చుకునేవారికి, తీగను పక్కకు లాగి గమకంలా పలికించేవారికి 9 సెట్.
2. వేళ్లు గట్టిపడ్డాక, కార్డులు బలంగా వాయించేవారికి 10 సెట్.
3. శ్రుతి దించి వాయించేవారికి 11, ఆపైన. అర స్వరం దించితే తన్యత సుమారు 11 శాతం తగ్గుతుంది. ఆ వదులును లావు తీగ సరిచేస్తుంది.

గిటారు పొడవు కూడా చూడాలి. ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌లో తీగ పొడవు 25.5 అంగుళాలు, గిబ్సన్ లెస్ పాల్‌లో సుమారు 24.75. అవే తీగలు రెండో దానిలో 6 శాతం వదులుగా ఉంటాయి.

లావు తీగ వాయిస్తేనే మొనగాడు అనుకోకండి. స్టీవీ రే వాన్ 13 తీగలు వాడిన మాట నిజమే, కానీ ఆయన అర స్వరం దించుకుని వాయించేవాడు. టోనీ అయోమీ కథ ఇంకొకటి. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీ కార్మికుడాయన. 1965లో, 17 ఏళ్ల వయసులో, యంత్రంలో పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం. అంటే తీగలు నొక్కేది ఆ చేతితోనే. వేళ్లకు ప్లాస్టిక్ తొడుగులు చేసుకున్నాడు. సన్నని బాంజో తీగలు బిగించాడు. తర్వాత శ్రుతి కూడా దించాడు. బ్లాక్ సబ్బాత్ బృందం పేరు ప్రపంచమంతా మోగింది ఆ చేతితోనే.

జాగ్రత్తలు

తీగలు ఒక్కొక్కటిగా మార్చండి. నంబరు మారిస్తే గిటారు మెడ వంగవచ్చు, కాబట్టి తెలిసినవారితో సరిచేయించండి. వాయించాక పొడిగుడ్డతో తుడవండి, చెమటకు తీగలు తుప్పు పడతాయి.

తమ్ముళ్లూ, కాలి కొలత చూడకుండా చెప్పులు కొనం కదా! షాపుకు వెళితే "ఎలక్ట్రిక్ గిటారుకు, 9 సెట్" అని స్పష్టంగా అడగండి. మొదట్లో వేళ్లు కొంచెం నొప్పి పుడతాయి, అది సహజం. రోజుల తరబడి పుండ్లు పడుతుంటే మాత్రం "నాకు రాదు" అనుకోకముందు తీగ నంబరు చూడండి.

శుభాకాంక్షలతో,
మీ పూర్వ విద్యార్థి