‘గో అండర్’ అంటే ధర పడిపోవడం కాదు

హైటెక్ సిటీ కంపెనీల గురించిన ఇంగ్లీషు వార్తల్లో ‘గో అండర్’ అనే మాట తరచు తగులుతుంది. దీనిని ‘గో డౌన్’తో కలిపి చదివేవారు ఎక్కువ. ఆ పొరపాటుతో వాటాలను అయినకాడికి అమ్ముకుంటే నష్టం మదుపరిదే.

‘గో డౌన్’ అంటే దిగడం. నిజామాబాద్ పసుపు ధర అయినా, వాటా ధర అయినా దిగుతుంది, కోలుకోవచ్చు కూడా. ‘గో అండర్’ ఓడల భాష. నీటిమట్టం కిందికి పోయిన ఓడ ఇక పైకి రాదు. వ్యాపారంలో దీనికి అర్థం అప్పులు తీర్చలేక మూతపడడం. మన బజారులో ‘ఐపీ పెట్టడం’ అంటాము. అదీ ఇంగ్లీషు సరుకే, ఇన్సాల్వెన్సీ పిటిషన్‌కు పొట్టిపేరు.

సత్యం కంప్యూటర్స్ సంగతి చూడండి. ఖాతాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు లేఖలో ఒప్పుకున్నారు. ఆ ఒక్కరోజే వాటా ధర సుమారు 179 రూపాయల నుంచి 40 లోపునకు కుంగింది. ఇది ‘వెంట్ డౌన్’. కంపెనీ మాత్రం ‘వెంట్ అండర్’ కాలేదు. ప్రభుత్వం కొత్త బోర్డును నియమించింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా వాటాకు 58 రూపాయల చొప్పున పలికి దక్కించుకుంది, 2013లో తనలో విలీనం చేసుకుంది. ‘నియర్లీ వెంట్ అండర్’, అనగా మునగబోయింది, అంటే సరిపోతుంది. 179కి కొన్నవారి నష్టం నష్టమే అనుకోండి.

సికింద్రాబాదు కేంద్రంగా 1994లో మొదలైన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకుకు మాత్రం ఈ మాట అతుకుతుంది. 2004 జులై 24న మారటోరియం పడింది, ఆగస్టు 14న ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిసిపోయింది. డిపాజిట్లు దక్కాయి, వాటాదారులకు పైసా రాలేదు.

వాడుకలో ఒక నియమం. దీనికి కర్మ ఉండదు. అప్పులు కంపెనీని ‘గో అండర్’ చేయవు, కంపెనీయే ‘గోస్ అండర్’. తరువాత అంకె వస్తే అర్థమే వేరు: ‘వెంట్ అండర్ ఫిఫ్టీ’ అంటే ధర యాభై లోపునకు దిగిందని మాత్రమే.

మాదాపూర్‌లో ఉద్యోగాల పేరిట డబ్బు కట్టించుకుని రాత్రికి రాత్రి ‘బోర్డు తిప్పేసే’ సంస్థలకు ఈ మాట వాడరాదు. అవి మునగవు, పారిపోతాయి. మునిగి ట్రిబ్యునల్‌కు చేరిన కంపెనీ నుంచి జీతం బకాయి రావలసి ఉంటే అక్కడ నియమించిన అధికారి వద్ద క్లెయిము వేయాలి. బోర్డు తిప్పేస్తే పోలీసు స్టేషనుకు వెళ్లాలి.