వేసవి శిబిరాలలో ప్రథమ చికిత్స – పర్యవేక్షకులకు ఒక పాఠము

వేసవి సెలవులు రాగానే హైదరాబాదు నుండి పిల్లల బృందాలు వికారాబాదు సమీపంలోని అనంతగిరి కొండలకు తరలివస్తాయి. మూసీ నది పుట్టిన ఈ అడవిలో నడక, కోట్‌పల్లి జలాశయంలో పడవ విహారం, చెట్ల నీడన భోజనం పిల్లలకు ఎంతో ఆరోగ్యకరములు. అయితే తల్లిదండ్రులు వెంట లేని ఆ నాలుగు రోజులూ పిల్లల ప్రాణరక్షణ భారం శిబిర పర్యవేక్షకులదే. వారికి తప్పక తెలియవలసిన విషయాలను ఈ పాఠంలో వివరిస్తున్నాను.

ఆయుర్వేదం రోగాలను నిజములు, ఆగంతుకములు అని రెండుగా విభజించింది. వాత పిత్త కఫముల వైషమ్యం వలన కలిగేవి నిజములు. దెబ్బ, విషం, అగ్ని వంటి బాహ్య కారణముల వలన కలిగేవి ఆగంతుకములు. నిజ రోగాలలో ఆహార విహారాలను సరిదిద్దుకొనుటకు వ్యవధి ఉంటుంది. ఆగంతుకములలో ముందుగా బాధ కలిగి, ఆ తరువాత దోషములు ప్రకోపిస్తాయి. కనుక అక్కడ ఆలోచనకు వ్యవధి తక్కువ. గృహవైద్యం ఎంతవరకు చేయవచ్చునో, ఏ క్షణంలో ఆసుపత్రికి బయలుదేరవలెనో తెలిసినవాడే మంచి పర్యవేక్షకుడని నా అభిప్రాయం.

వడదెబ్బ

తాండూరు ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. నాపరాళ్లు పరచిన నేల మరింత వేడెక్కుతుంది. ఆటలు, నడక ఉదయం పది గంటలలోపు, సాయంకాలం నాలుగు తరువాత మాత్రమే పెట్టవలెను. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, జొన్న అంబలి, మామిడికాయ పానకం, వట్టివేళ్లు నానిన నీరు దాహం వేయకముందే ఇస్తుండవలెను. జేబులో ఉల్లిపాయ ఉన్నంత మాత్రాన వడదెబ్బ తగలకుండా పోదు.

తలనొప్పి, నీరసం, కండరాల నొప్పులు కనిపిస్తే నీడలో పడుకోబెట్టి ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా త్రాగించవలెను. చెంచా అనగా తలకొట్టిన చిన్న చెంచా. ఉప్పు ఎక్కువైతే హాని కలుగుతుంది.

పిల్లవాడు పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా, స్పృహ తప్పినా అది ప్రాణాపాయ స్థితి. అప్పుడు నోటిలో ఏమీ పోయరాదు. చెమట పడుతున్నదా లేదా అని చూస్తూ కూర్చోరాదు. బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరవలెను. 108కి ఫోను చేయించి, వాహనం వచ్చేదాకా, వచ్చిన తరువాత కూడా చల్లబరచుట ఆపరాదు.

పాముకాటు

నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి మన దేశంలో ఎక్కువ మరణములకు కారణమవుతున్న పాములు. వీటిలో కట్లపాము రాత్రివేళ నేలపై నిద్రించేవారిని కరుస్తుంది. గాటు సరిగా కనిపించదు, నొప్పి కూడా అంతగా ఉండదు. తెల్లవారుజామున పిల్లవాడు కడుపునొప్పి అని లేచినా, కనురెప్పలు వాలిపోతున్నా, మాట ముద్దగా వచ్చినా అజీర్ణమని భావించి వాము నీళ్లు ఇస్తూ కూర్చోరాదు. వెంటనే బయలుదేరవలెను. పిల్లలను మంచాలపై పడుకోబెట్టుట, దోమతెర అంచులను పరుపు కిందికి దోపుట, రాత్రి బయటికి వెళ్లేటప్పుడు టార్చిలైటు ఇచ్చుట చాలావరకు రక్షిస్తాయి.

సుశ్రుత సంహిత కల్పస్థానంలో కాటుకు నాలుగు వేళ్ల వెడల్పు పైన కట్టు కట్టే అరిష్టబంధనం, కోసి విషం తీయుట చెప్పబడినవి. ఆయుర్వేద వైద్యునిగా ఆ గ్రంథం మీద నాకు అపారమైన గౌరవం ఉన్నది. కాని ఆ కాలంలో విషానికి విరుగుడు సూదిమందు లేదు. నేడు ఆ నాలుగు పాముల విషానికీ పనిచేసే సూదిమందు ఉన్నది. బిగించిన కట్టు వలన రక్తప్రసారం ఆగి అవయవం చెడిపోవచ్చును. కనుక కట్టరాదు, కోయరాదు, నోటితో పీల్చరాదు, పసరు పోయరాదు. కరచిన కాలికి లేదా చేతికి కర్రబద్ద ఆసరాగా ఉంచి కదలకుండా చేసి, పిల్లవానిని నడిపించక మోసుకొని ఆసుపత్రికి చేర్చవలెను. ఉంగరాలు, గాజులు, కడియాలు ముందే తీసివేయవలెను. పామును చంపి తెచ్చే ప్రయత్నం చేయరాదు.

తేలుకాటు

రాళ్ల దొంతరల కింద తేళ్లు దాగి ఉంటాయి. చల్లని గుడ్డలో చుట్టిన మంచుముక్కలతో నొప్పి తగ్గవచ్చును. కాని చల్లని చెమటలు, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడుట, ఆయాసం కనిపిస్తే ఎర్రతేలు విషం గుండెను తాకుతున్నదని గ్రహించవలెను. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980ల నుండి ప్రాజోసిన్ అనే మాత్రతో ఈ స్థితిలోని ఎందరి ప్రాణాలో కాపాడగలిగారు. ఆ చికిత్స వైద్యుడే చేయవలెను.

కోతి, కుక్క కాటు

అనంతగిరి ఆలయ పరిసరాలలో కోతులు పిల్లల చేతిలోని తినుబండారాల కోసం మీదికి వస్తాయి. కరచినా, రక్కినా గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగవలెను. సున్నం, కారం, పసుపు అద్దరాదు. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత దాదాపుగా బ్రతికే అవకాశం ఉండదు. కనుక గీత చిన్నదైనా అదే రోజు టీకా కొరకు వైద్యుని వద్దకు తీసుకొనిపోవలెను.

నీటి ప్రమాదము

లైఫ్ జాకెట్ లేనిదే ఎవరినీ పడవ ఎక్కనీయరాదు. పాడుబడిన రాతి గనుల గుంతలలో నిలిచిన నీరు నిశ్చలంగా కనిపించినా, అంచు దాటగానే నిలువులోతు ఉండవచ్చును. అక్కడ స్నానం పూర్తిగా నిషిద్ధం. మునుగుతున్నవానికి తాడు, కర్ర, మూత బిగించిన ఖాళీ డబ్బా అందించవలెను. ఈత తెలియనివారు దూకరాదు. ఒడ్డుకు చేర్చిన తరువాత పొట్ట నొక్కుతూ కాలం గడపరాదు. ఊపిరి లేకపోతే వెంటనే నోటితో శ్వాస ఇచ్చి, ముప్పై ఛాతీ నొక్కుళ్లకు రెండు శ్వాసల చొప్పున సాగించవలెను. ఇది చదివి నేర్చుకొనే విద్య కాదు. ప్రతి శిబిరంలో కనీసం ఇద్దరైనా శిక్షణ పొంది ఉండవలెను.

చిన్న గాయములు, మూర్ఛ

కాలిన చోట ఇరవై నిమిషాలు చల్లని నీటిధార చాలు. టూత్‌పేస్టు, సిరా, మంచు వద్దు. తెగిన గాయాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టవలెను. వంటింటి పసుపు గాయంలో నింపుట మంచిది కాదు. మూర్ఛ వచ్చినప్పుడు చేతిలో తాళంచెవులు పెట్టక, పళ్ల మధ్య చెంచా దూర్చక, పక్కకు తిప్పి పడుకోబెట్టవలెను. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి చేర్చవలెను.

శిబిరానికి ముందు

ప్రతి పిల్లవానికీ ఉన్న ఉబ్బసం, మూర్ఛ, పడని పదార్థములు, వాడుతున్న మందులు తల్లిదండ్రులచే వ్రాయించుకొనవలెను. వికారాబాదు, తాండూరు ఆసుపత్రులలో పాము విషానికి సూదిమందు నిల్వ ఉన్నదీ లేనిదీ ముందే విచారించవలెను. కొండలలో ఫోను ఏ చోట పనిచేస్తుందో, రాత్రివేళ వాహనం ఎవరి వద్ద ఉంటుందో అందరికీ తెలిసి ఉండవలెను. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, శుభ్రమైన గుడ్డలు, కట్టు బట్టలు, సబ్బు, కత్తెర, కర్రబద్దలు ఒక పెట్టెలో ఉంచి, శిబిరం మొదలయ్యే రోజు ఉదయమే ఆ పెట్టెను ఒకసారి తెరచి చూచుకొనవలెను.